మూడు నెలల పథ్యం

"ఇంకోసారి చెప్పు. నిన్న తూకం ఎంత వచ్చినాది?"

"ఎనభై నాలుగు."

"ఎనభై నాలుగున్నర. ఆ అర గూడా చెప్పాల. డాక్టరు కాడ తడుముకోబాకు."

"అర కిలోకి ఆపరేషన్ ఆపేస్తాడా ఏంది?"

"ఆపినా ఆపుతాడు. సరే, నడక?"

"పొద్దున ముక్కాల్గంట, సాయంత్రం అరగంట."

"సాయంత్రం ఎన్ని రోజులు నడిచినావు?"

"రోజూ."

"నా మొగం జూసి చెప్పు."

మల్లికార్జున భార్య ముఖం చూడలేదు. కారు కిటికీలోంచి బయటికి చూశాడు. ఉదయగిరి కొండ ఎప్పుడో వెనకబడింది. నిమ్మతోటలు అయిపోయి రోడ్డుకు రెండు పక్కలా కంపచెట్లు మొదలయ్యాయి. ఇంకో అరగంటలో ఆత్మకూరు వస్తుంది. అక్కడ అక్కను ఎక్కించుకొని నెల్లూరు పోవాలి. ఈ రోజు ఆస్పత్రిలో చేరితే రేపు పొద్దున గుండెకు ఆపరేషన్.

"తాగుడు?" అని అడిగింది రామసుబ్బమ్మ.

"మూడు నెలల్నించి ముట్టలా. నీకు తెలీదా ఏంది, మళ్ళీ మళ్ళీ అడగతాండావు?"

"ఆయన మళ్ళీ మళ్ళీ అడగతాడు. అందుకే అడగతాండా."

మల్లికార్జునకు యాభై మూడేళ్ళు. ఉదయగిరి పక్క పల్లెలో పదహారెకరాల నిమ్మతోట ఉంది. రెండుసార్లు సర్పంచిగా చేశాడు. పదవి పోయి ఆరేళ్ళయినా ఊళ్ళో గట్టు తగాదా వచ్చినా, బోరు నీళ్ళ వంతుల దగ్గర మాటా మాటా వచ్చినా జనం ఆయన అరుగు మీదికే వస్తారు. పదిమంది తప్పులు తేల్చే మనిషి. తన తప్పు మాత్రం ఒకరి ముందు ఒప్పుకున్నట్టు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు.

పోయిన ఎండాకాలం నిమ్మకాయల బస్తాలు లారీకెత్తిస్తుండగా ఉన్నట్టుండి ఆయన గుండె లయ తప్పింది. కరెంటు చాలని మోటారు తిరిగినట్టు ఒకసారి గబగబా, ఒకసారి ఆగి ఆగి కొట్టుకుంది. కళ్ళు బైర్లు కమ్మి బస్తాల మీదే కూలబడ్డాడు. నెల్లూరులో డాక్టరు శాంతికుమార్ చూసి, గుండె పైగదులు సరిగ్గా కొట్టుకోకుండా వణుకుతున్నాయని చెప్పాడు. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి, దారి తప్పిన చోట సరిచేయవచ్చట. అయితే వెంటనే చేయనన్నాడు. అప్పుడు మల్లికార్జున బరువు తొంభై ఐదు కిలోలు. రోజూ సాయంత్రం తోటలో క్వార్టరు సీసా. అన్నంలో ఊరగాయ లేనిదే ముద్ద దిగదు. గురక పక్కింటికి వినబడేది, ఆ గురక మధ్యలో ఊపిరి ఆగిపోయేది. ఇవన్నీ అట్లాగే ఉండగా తీగ వేస్తే, ఏడాది తిరక్కుండానే జబ్బు మళ్ళీ వస్తుందని చెప్పాడు డాక్టరు. తాను చేసేది సగమేనని, మిగతా సగం వాళ్ళింట్లో జరగాలని, మూడు నెలలు గడువు పెట్టాడు.

ఆ మిగతా సగాన్ని రామసుబ్బమ్మ తన నెత్తిన వేసుకుంది. ఇంట్లో ఉన్న ఆవకాయ, గోంగూర జాడీలు ఆ వారమే చుట్టాలిళ్ళకు చేరాయి. అన్నం గ్లాసుతో కొలిచి వండింది. ఉప్పు డబ్బా అటక మీద పెట్టి, కూరలో తనే చిటికెడు వేసేది. నడవనని మొండికేస్తే చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టి, తనూ చెప్పులేసుకొని నిలబడేది. నిద్రలో ఊపిరి ఆగకుండా ముక్కుకు తగిలించుకునే మిషన్‌ని మొదట్లో నాలుగుసార్లు పీకి పారేశాడు. ఐదోసారి ఆమె ఒక్క మాటా అనకుండా మళ్ళీ తగిలించి పక్కనే కూచుంది. వారం గడిచాక ఒక పొద్దున ఆయనే లేచి, ఎన్నేళ్ళకో నిద్రపోయినట్టుందే అన్నాడు. మాత్రలూ ఆమె చేతి మీదుగానే. పొద్దున ఐదు, సాయంత్రం రెండు. ఆమె అరచేతిలో పోస్తుంది, ఆయన చూడకుండా నోట్లో వేసుకొని నీళ్ళు తాగుతాడు.

పదిన్నర కిలోలు తగ్గాడు. చొక్కాలు వదులయ్యాయి. ఊళ్ళో ఆడవాళ్ళు రామసుబ్బమ్మ దగ్గరికొచ్చి, నీ మొగుణ్ణి ఎట్టా దారికి తెచ్చినావో మాకూ చెప్పమని అడిగారు. అంత పథ్యంలో ఆయన దాచింది ఒక్కటే. ఆ ఒక్కటే ఇప్పుడు కారులో మళ్ళీ మళ్ళీ గుర్తుకొస్తోంది.

ఆత్మకూరులో ఓబమ్మ ఇల్లు బస్టాండు వెనక వీధిలో. మల్లికార్జున కంటే ఏడేళ్ళు పెద్దది. తల్లి చిన్నతనంలోనే పోతే తమ్ముణ్ణి చంకనేసుకొని పెంచింది. ఆమె భర్త తాగి తాగి లివరు చెడిపోయి తొమ్మిదేళ్ళ కిందట చనిపోయాడు. డాక్టరు గడువు పెట్టిన వారం ఆమె ఉదయగిరి వచ్చి, తమ్ముడి చెయ్యి తీసుకొని తన నెత్తి మీద పెట్టుకుంది. ఇంక చుక్క ముట్టనని ఒట్టేయించుకొనే బస్సెక్కింది.

వాళ్ళు దిగేసరికి ఓబమ్మ పెనం మీద కారం దోసెలు పోస్తోంది. నెయ్యి వాసన వీధి దాకా వచ్చింది. రామసుబ్బమ్మ సంచిలోంచి ఇడ్లీల డబ్బా తీసి భర్త ముందు పెట్టింది.

"ఒక్క దోసె తింటే ఏమైపోతాడమ్మే?" అంది ఓబమ్మ.

"వొద్దు వదినా. ఈ ఒక్క రోజు ఓపిక పట్టు."

"మూడు నెలల్నించి పడతానే ఉండాను. మెడకాయ ఎముకలు జూడు, ఎట్టా తేలినాయో. మా వాణ్ణి నీ చేతిలో పెట్టినాం. వాడికి ఏమన్నా అయితే నేను డాక్టర్ని అడగను, నిన్నే అడగతా."

రామసుబ్బమ్మ తలవంచుకొని డబ్బా మూత తీసింది. ముప్పై ఏళ్ళుగా ఆ మాటకు అలవాటుపడ్డ మనిషి.

ఓబమ్మ చట్టీలు కడగడానికి లోపలికి పోయిన సమయంలో సురేంద్రబాబు వచ్చాడు. అదే వీధిలో మోటార్లు, పైపులు అమ్ముతాడు. మల్లికార్జున కారు చూసి పలకరించి పోదామని వచ్చాడు. వచ్చినవాడు బాగా చిక్కావన్నాడు, మనిషివి కుర్రాడిలా ఉన్నావన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది.

"నీకేం గాదు సర్పంచూ. ఆ రోజు బోరు కాడ గ్లాసెత్తినప్పుడే అనుకున్నా, ఈయనకు జబ్బేంది, గిబ్బేంది అని."

మల్లికార్జున ఇడ్లీ నోటి దగ్గర ఆగింది. సురేంద్రబాబుకు సంగతి అర్థమై, గిరాకీ వచ్చిందని చెప్పి చెప్పులేసుకున్నాడు. రామసుబ్బమ్మ లేచి, లోపల ఓబమ్మ ఎక్కడుందో ఒకసారి తొంగి చూసి, పెరట్లోకి నడిచింది. మల్లికార్జున చెయ్యి కడుక్కొని వెనకాలే పోయాడు. పోక తప్పదు.

"ఏ రోజు?"

"ఏంది ఏ రోజు?"

"గొంతు పెంచబాకు, వదిన లోపలుండాది. గ్లాసెత్తింది ఏ రోజు?"

"నీళ్ళు పడిన రోజే. రవ్వంత."

"రవ్వంతంటే?"

"ఒకటి."

"ఒకటేనా?"

"రెండు. ఆరువందల నలభై అడుగులకి పడినాయి సుబ్బా. నాలుగు బోర్లు ఎండిపోయినాక పడినాయి. బోరు బండోళ్ళు, కూలోళ్ళు, సురేంద్రబాబు, అందరూ ఎగరతాండారు. గ్లాసు చేతిలో పెట్టినారు. వొద్దంటే..."

"మరుసటి రోజు?"

"మరుసటి రోజేం లేదు."

"మరుసటి రోజు మధ్యాన్నం దాకా లేవలా నువ్వు. ఒళ్ళునొప్పులన్నావు."

ఆయన తడిచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"చెప్పు."

"ఆ రోజు గూడా. ఒకటే. ఆ తర్వాత ముట్టుంటే నన్ను చెప్పుతో కొట్టు."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. బట్టలుతికే బండ మీద కూచొని చీర చెంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదనిపించింది మల్లికార్జునకు.

"డాక్టరుకి చెప్పాల," అంది చివరికి.

"చెప్తే ఆపేస్తాడు."

"ఆపనీ."

"ఊరంతా సాగనంపినారు. ఆపరేషన్ లేకుండా తిరిగిపోతే ఏమని చెప్పాల? తాగినాడంట, అందుకు పంపించేసినారంట అంటారు. అక్కకు తెలిస్తే నా మొగం జూస్తాదా? దాని నెత్తిన చెయ్యి పెట్టినా."

"వదినకు చెప్పబాకు. నేనూ చెప్పను. డాక్టరుకి మాత్రం చెప్పాల. గుండెలో చెయ్యి పెట్టేవాడికి నిజం చెప్పకుండా పోయి పండుకుంటావా?"

"రెండు రోజులు తాగింది అంత పెద్ద నిజమా?"

"చిన్నదైతే చెప్పడానికి నీకేంది? నువ్వు చెప్పకపోతే నేను చెప్తా. దాచిపెట్టే మనిషితో ఇంక నేను వేగలేను."

లోపల్నించి ఓబమ్మ, కారు డ్రైవరు తొందర పెడుతున్నాడని కేకేసింది. మల్లికార్జున సరేనని తల ఊపాడు. పెళ్ళానికి తల ఊపిన ఆ క్షణం ఆయనకు బరువు తగ్గినట్టూ ఉంది, పరువు పోయినట్టూ ఉంది.

కారు నెల్లూరు దారి పట్టింది. ఓబమ్మ ముందు సీట్లో కూచొని దండం పెట్టుకుంటూ ఉంది. సంగం దాటాక రామసుబ్బమ్మ ఒక్క మాట అడిగింది.

"ఆపరేషన్‌లో నెత్తురు ఎక్కువ పోతాదా?"

"చిన్న బెజ్జమే అన్నాడు గదా. నాకు లేని భయం నీకెందుకు?" అన్నాడు.



ఆస్పత్రిలో రోగి వెంట ఒక్కరినే పైకి పంపుతామన్నారు. ఓబమ్మ గొణుక్కుంటూ కింద కుర్చీలో కూచుంది. రెండో అంతస్తు గదిలో మల్లికార్జున పచ్చ గౌను వేసుకొని మంచం మీద కూచున్నాడు. జెస్సీ అనే నర్సు నాలుగు పేజీల ఫారం పట్టుకొని వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. బరువు తూచి, బీపీ చూసి, ఎంతో బాగా తగ్గారని మెచ్చుకుంది. ఎనభై నాలుగున్నర అని అర కిలోతో సహా ఆయనే చెప్పాడు. నడక గురించి, ఉప్పు గురించి, మిషన్ గురించి అడిగింది. అన్నిటికీ మంచి జవాబులే. తర్వాత పేజీ తిప్పింది.

"మద్యం ఏమన్నా తీసుకున్నారా అయ్యా, ఈ మూడు నెలల్లో?"

మల్లికార్జున భార్య వైపు చూశాడు. ఆమె రెప్ప వేయకుండా చూస్తోంది.

"తీసుకున్నా. రెండు రోజులు. పదహారు రోజులయింది."

నర్సు రాసుకుంది. ముఖం మాడ్చుకోలేదు. డాక్టరుకు చెబుతానని, దీనికోసం ఆపరేషన్ ఆపకపోవచ్చునని, దాచకుండా చెప్పడం మంచిదయిందని అంది. మల్లికార్జునకు గుండెల మీదినుంచి బస్తా దించినట్టయింది. ఇంత తేలికని తెలిస్తే పొద్దున్నే చెప్పేవాణ్ణి అనుకున్నాడు. భార్య వైపు చూసి, సరిపోయిందా అన్నట్టు కళ్ళెగరేశాడు.

"ఇంక మాత్రలు. రక్తం పలచగా ఉండేదానికి ఇచ్చిన మాత్ర, ఈ నెలరోజుల్లో ఒక్క పూటన్నా తప్పినాదా?"

"ఒక్క పూట గూడా లేదు."

"బాగా గుర్తు తెచ్చుకోండి. అన్నిటికంటే ఇదే ముఖ్యం."

"నాతో పనేముందమ్మా? ఆమె అరచేతిలో పోస్తాది, నేను మింగతా. మూడు నెలల్నించి ఒక్క పూట తప్పలా. రాసుకో."

నర్సు రాయబోతుంటే రామసుబ్బమ్మ అడిగింది. "ఎందుకమ్మా అది అంత ముఖ్యం?"

"గుండె పైగది వణుకుతా ఉంటే ఆడ నెత్తురు నిలిచిపోతాదమ్మా. నిలిచింది గడ్డ కడతాది. కట్టకుండా చూసేది ఈ మాత్రే. మాత్ర ఆగిపోయి లోపల గడ్డ ఉండాదనుకోండి, మేము పంపిన తీగ తగిలి అది ఊడి మెదడుకి పోతాది. కాలూ చెయ్యీ పడిపోవచ్చు. మనిషే దక్కకపోవచ్చు."

"అట్టా కాదు. ఆపరేషన్ అంటే నెత్తురు పోతాది గదా. ఆగకుండా కారతాదని ముందే ఆపేస్తారు గదా మాత్ర."

"కొన్ని ఆపరేషన్లకి ఆపుతారమ్మా. దీనికి ఆపగూడదు. ఒక్క రోజు గూడా." నర్సు ఫారం చివరి పేజీ తీసి ఆమె ముందు పెట్టి పెన్ను ఇచ్చింది. "మందులు చెప్పినట్టే వాడినామని మీ ఇద్దరి సంతకాలు కావాల. మీరు ఈడ పెట్టండి."

రామసుబ్బమ్మ పెన్ను పట్టుకుంది. పెట్టాల్సిన చోట మొన ఆనించింది. అక్కడే చెయ్యి ఆగిపోయింది.

"పెట్టు సుబ్బా, ఏమైనాది?" అన్నాడు మల్లికార్జున.

"నేను పెట్టలేను."

"భయపడబాకు. ఇంత దూరం వచ్చినాం. నువ్వు చెప్పినట్టు విన్నా, ఒక్క మాత్ర తప్పలా, నాకేం గాదు."

"తప్పినాది."

"ఏంది?"

"నువ్వు తప్పలా. నేను తప్పించినా. పన్నెండు రోజులయింది. పొద్దున ఐదుకి నాలుగు, సాయంత్రం రెండుకి ఒకటి పోసినా నీ చేతిలో. నువ్వు చూడలా."

నర్సు పెన్ను వెనక్కి తీసుకుంది. కూచొని నెమ్మదిగా చెప్పమంది. రామసుబ్బమ్మ నిలబడే చెప్పింది. తోటలో కొమ్మలు కత్తిరిస్తుంటే మల్లికార్జున ముంజేతికి ముల్లు గీరుకొని, నెత్తురు తువాలు తడిసిపోయేంత కారిందట. అంతకు ముందు వారమే తమ వీధిలో ఉండే చెంచమ్మ మొగుడికి ఏదో ఆపరేషన్ చేయబోతూ ఇట్లాంటి మాత్రనే ఐదు రోజుల ముందు ఆపమన్నారట. ముల్లుకే ఇంత కారితే గుండెలో బెజ్జం పెడితే ఎంత కారుతుందోనని ఆమెకు నిద్ర పట్టలేదు. ఆస్పత్రికి రెండుసార్లు ఫోన్ చేసింది, ఎవరూ ఎత్తలేదు. అడిగితే భర్త కంగారు పడతాడని, వదినకు చెబుతాడని, తనే నిర్ణయం చేసుకుంది.

"రెండుసార్లే చేసినా ఫోను. మూడోసారి చెయ్యలా," అంది. "చెయ్యాల్సింది. మూడోసారి చెయ్యాల్సింది."

నర్సు ఫారం తీసుకొని డాక్టరు దగ్గరికి గబగబా వెళ్ళింది. గదిలో ఇద్దరే మిగిలారు.

"పొద్దున ఆ బండ మీద కూచొని నా చేత ఒప్పించినావు," అన్నాడు మల్లికార్జున. "దాచిపెట్టే మనిషితో వేగలేనన్నావు."

"అన్నా."

"అప్పుడు నువ్వు దాచిపెట్టింది ఏంది?"

"మంచికే చేస్తాండా అనుకున్నా. దాచినట్టే అనిపించలా నాకు."

"పన్నెండు రోజులు."

"పన్నెండు."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మధ్యాహ్నం తీసుకెళ్ళి గొంతులో మందు కొట్టి, గొట్టం దించి, లోపల్నించి గుండెను స్కాన్ చేశారు. తిరిగొచ్చాక కూడా ఆయన భార్యతో మాట్లాడలేదు. గొంతు మొద్దుబారి ఉంది. అది సాకుగా దొరికింది. ఆమె మంచం కాళ్ళ దగ్గర స్టూలు మీద కూచొని నేల చూస్తోంది. ముప్పై ఏళ్ళుగా ఈ మనిషి చేత్తో ఏం పెట్టినా చూడకుండా మింగాను అనుకుంటే ఆయనకు ఒళ్ళు మండింది. కాలూ చెయ్యీ పడిపోయి తోట గట్టు మీద మంచంలో పడి ఉన్నట్టు కళ్ళకు కట్టింది. కాసేపు ఆ కోపంలోనే ఉన్నాడు.

తర్వాత ఇంకో సంగతి తోచింది. ఆమె సంతకం పెట్టి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నర్సు రాసేసుకునేది. రేపు తనకేదైనా అయితే ఖర్మ అనుకొని ఊరంతా ఏడ్చేది, అక్క కూడా ఆమెనే పట్టుకొని ఏడ్చేది. ఒక గీత గీసి ఊరుకుంటే సరిపోయేది ఆమెకు. పెన్ను మొన కాగితం మీద పెట్టి కూడా గీయలేదు. తను మూడు గ్లాసుల సంగతి చెప్పడానికి పదహారు రోజులు, ఒక పెరడు, ఒక బెదిరింపు కావలసి వచ్చాయి.

సాయంత్రం ఐదు దాటాక డాక్టరు శాంతికుమార్ వచ్చాడు. కింద కూచోలేక ఎవరినో బతిమాలుకొని ఓబమ్మ కూడా అప్పుడే పైకి వచ్చింది. జెస్సీ ఫైలు పట్టుకొని తలుపు దగ్గర నిలబడింది.

డాక్టరు మంచం పక్కన కుర్చీ లాక్కొని కూచున్నాడు. ఎడమవైపు పైగది మూలలో చిన్న గడ్డ కనబడిందని చెప్పాడు. రేపు తీగ పంపి ఉంటే ఏం జరిగేదో తను చెప్పదలచుకోలేదన్నాడు. మాత్ర ఇప్పటినుంచే మళ్ళీ మొదలుపెట్టాలి, ఒక్క పూట తప్పకూడదు. ఏడెనిమిది వారాలకు గడ్డ కరిగిందో లేదో మళ్ళీ స్కాన్‌లో చూసి, కరిగితేనే ఆపరేషన్. తిండి, నడక, మిషన్ అన్నీ ఇట్లాగే సాగాలి. ఈ మూడు నెలల కష్టం ఎక్కడికీ పోలేదని, చాలా కొద్దిమందే ఇంత చేస్తారని కూడా అన్నాడు. అని, కళ్ళజోడు తీశాడు.

"ఇంత చేసిన మనుషులు ఆ ఒక్క మాత్ర ఎందుకు ఆపారు? పన్నెండు రోజులని రాసుంది ఇక్కడ. ఎవరు ఆపమన్నారు మీకు?"

 జెస్సీ ఫైలు వైపు చూస్తూ ఉండిపోయింది.

"మాత్రలు ఆపినారా?" అంది ఓబమ్మ. నెమ్మదిగా మరదలి వైపు తిరిగింది. "మాత్రలిచ్చేది నువ్వే గదమ్మే. పొద్దున ఏం చెప్పినా నీకు? నీ చేతిలో పెట్టినామని చెప్పలా?"

రామసుబ్బమ్మ స్టూలు మీంచి లేచింది. మంచం కమ్మీ పట్టుకుంది. చెప్పడానికి నోరు తెరిచింది.

"ఆమెను అడగబాకు అక్కా," అన్నాడు మల్లికార్జున.

మొద్దుబారిన గొంతు ఇంకా పూర్తిగా తేరుకోలేదు. మోచేతి మీద లేచి కూచున్నాడు. భార్య వైపు చూడలేదు. అక్క ముఖంలోకి ఒకసారి, డాక్టరు ముఖంలోకి ఒకసారి సూటిగా చూశాడు.

"నేనే సార్. బోరులో నీళ్ళు పడినాయని అక్కకిచ్చిన ఒట్టు తప్పి తాగినా. తాగినోడు ఆ మాత్ర మింగగూడదని ఎవరో అంటే, భయపడి పారేస్తా వచ్చినా. ఆమె పోసింది పోసినట్టే ఉండాది నా చేతిలో, నేనే మింగలా. ఆమెకు ఈ పొద్దు దాకా తెలీదు."